బొగ్గుబండి దిగే వేళ

తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే రైలుబాటకి వందేళ్ళు దాటాయి. మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే హయాంలో, 1916లో గుంటూరు-రేపల్లె మార్గం మొదలైంది. చాలాకాలం ఆ బండికి ఆవిరి ఇంజనే దిక్కు. కిటికీ పక్క సీటు కోసం కొట్టుకున్న పిల్లలు వేమూరు దాటేసరికి కళ్ళు నులుముకుంటూ అమ్మ ఒళ్ళోకి చేరేవారు. కంట్లో బొగ్గు నలక! అమ్మ చీర చెంగుని ఉండగా చుట్టి, నోటితో వెచ్చగా ఊది కంటికి అద్దేది. పెళ్ళికని తెల్లబట్టలతో బయల్దేరిన పెద్దమనుషులు రేపల్లెలో దిగి లాల్చీ మీది నల్లచుక్కలు దులుపుకునేవారు. 1990ల నడిమికి దేశంలో ఆవిరి ఇంజన్ల కథ దాదాపు ముగిసింది. డీజిల్ వచ్చింది, కరెంటు వచ్చింది, బండి మాత్రం ఆగలేదు.

బొగ్గు కూడా ఎక్కడికీ పోలేదు. కళ్ళకి కనబడనంత దూరం జరిగింది. తెనాలికి ఓ యాభై కిలోమీటర్ల దూరంలో, విజయవాడ అవతల ఇబ్రహీంపట్నంలో నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. అక్కడి మొదటి యూనిట్ 1979లో వెలిగింది. ఒక్కో యూనిట్టూ చేరుతూ చేరుతూ 1,760 మెగావాట్లయింది. 2023 డిసెంబరులో మరో 800 మెగావాట్ల యూనిట్ ఉత్పత్తి మొదలుపెట్టింది. సింగరేణి నుంచి, ఒడిశాలోని తాల్చేరు నుంచి గూడ్సుబళ్ళలో వచ్చిన బొగ్గు అక్కడ కాలుతుంది. బాపట్ల మీదుగా చెన్నై వెళ్ళే ఎలక్ట్రిక్ ఇంజను పొగ వదలదు నిజమే, దాని వాటా పొగని ఇబ్రహీంపట్నం లాంటి ఊళ్ళు పీలుస్తుంటాయి.

ఒక యూనిట్ కరెంటు పుట్టాలంటే మన దేశపు బొగ్గు సుమారు 700 గ్రాములు కాలాలి. రెండు ఫ్యాన్లు, ఓ ఫ్రిజ్, టీవీ, మోటారు, ఎండాకాలం రాత్రిళ్ళు కాసేపు ఏసీ... ఇలా నెలకి 200 యూనిట్లు వాడే ఇంటికి, ఆ కరెంటంతా బొగ్గుతోనే తయారైతే, 140 కిలోలు కావాలి. అంటే రెండు ధాన్యం బస్తాలకు కాస్త తక్కువ. మన బొగ్గులో మూడోవంతుకు పైగా బూడిదే కనుక, నెలనెలా ఆ ఇంటి పేరు మీద యాభై కిలోల బూడిద ఎక్కడో పోగుపడుతుంది. దాన్ని తెచ్చి ఎవరి గుమ్మం ముందు వాళ్ళకి కుమ్మరించే పద్ధతి ఉంటే ఈ చర్చ ఇన్నేళ్ళు సాగేది కాదు. గాలి తోలిన రోజున ఆ బూడిద ఎలా ఉంటుందో కొండపల్లి, ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల వాళ్ళని అడగాలి. దానిలో కొంత ఇటుకలకీ, సిమెంటుకీ పోతున్న మాట నిజం. డెల్టాలో ఈమధ్య లేచిన ఇళ్ళలో చాలావాటి గోడలు ఆ బూడిద ఇటుకలవే. కానీ గొట్టంలోంచి పైకి పోయే గంధకపు పొగని ఇటుకలు చేయలేం. దాన్ని వడకట్టే యంత్రాలు పెట్టమని కేంద్రం 2015 డిసెంబరులో నిబంధన తెచ్చింది. గడువు మీద గడువు పొడిగించింది. చివరికి 2025 జూలైలో దేశంలోని ఎక్కువ కేంద్రాలకి ఆ యంత్రాలు అక్కర్లేదని మినహాయింపే ఇచ్చేసింది.

పొగ సంగతి పక్కన పెడదాం. జేబు సంగతి చూద్దాం. కరెంటు బిల్లులో 'ఇంధన సర్దుబాటు' అనే గీత ఒకటి ఉంటుంది. వాడుక మాటలో ట్రూఅప్ చార్జీ. 2022-23లో వాడేసిన కరెంటుకి, ఆనాటి అదనపు ఖర్చు పేరుతో, 2024 డిసెంబరు నుంచి జనం బిల్లులో కడుతూ వచ్చారు. ఎప్పుడో తిన్న ఇడ్లీకి హోటలువాడు రెండేళ్ళ తరవాత ఇంటికొచ్చి 'అప్పుడు మినప్పప్పు పిరమయింది బాబూ' అని చెయ్యి చాపినట్టు! ఈ సర్దుబాటుకి కారణాలు నాలుగైదు ఉంటాయి గానీ, పెద్ద కారణం ఇంధనం, బయట కొన్న కరెంటు ధర. బొగ్గు కేంద్రం కట్టడంతో ఖర్చు అయిపోదు. బతికినన్నాళ్ళూ దానికి మేత వెయ్యాలి, ఆ మేత ధర మన చేతిలో ఉండదు.

మేత దొరకని రోజులూ ఉన్నాయి. 2021 అక్టోబరులో రాష్ట్రంలోని థర్మల్ కేంద్రాల దగ్గర ఒకటి రెండు రోజులకి సరిపడా నిల్వలే మిగిలాయని ముఖ్యమంత్రి ప్రధానికి లేఖ రాయాల్సి వచ్చింది. 2022 ఏప్రిల్‌లో పరిశ్రమలకి పవర్ హాలిడే ప్రకటించారు. ఊళ్ళలో రాత్రిపూట కోతలు. ఇన్వర్టర్ల దుకాణాల వాళ్ళకి తప్ప ఎవరికీ ఆ వేసవి మంచి జ్ఞాపకం కాదు. పైగా రాష్ట్ర విభజన తరవాత సింగరేణి గనులన్నీ తెలంగాణలోకి వెళ్ళాయి. ఆంధ్రప్రదేశ్ నేలలో తవ్వుకునే బొగ్గు గని లేదు. దేశం మాత్రం బొగ్గులో తక్కువేం తినలేదు. 2024-25లో ఉత్పత్తి 100 కోట్ల టన్నులు దాటింది. అయినా చాలక ఏటా 20 కోట్ల టన్నులకు పైగా విదేశాల నుంచి ఓడల్లో దిగుమతి చేసుకుంటున్నాం. ఇక్కడ ఎండకి మాడిపోతూ ఇండోనేషియా నుంచి నిప్పు కొనుక్కుంటున్నామన్నమాట.

ఎండ ధర ఎలా పడిపోయిందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. జాతీయ సౌర మిషన్ మొదలైన 2010లో సౌర విద్యుత్తు యూనిట్ పది రూపాయల పైమాటే. 'ధనవంతుల సరదా' అని వెక్కిరించారు. 2017 ఏప్రిల్‌లో కడప సోలార్ పార్కు వేలంలో ధర రూ.3.15కి దిగింది. నెల తిరక్కుండా రాజస్థాన్‌లోని భడ్లాలో రూ.2.44. ఉమ్మడి కర్నూలు జిల్లా గని, శకునాల గ్రామాల రాళ్ళనేలలో వెయ్యి మెగావాట్ల పార్కు ఆ ఏడాదే పూర్తయి, అప్పటికి ప్రపంచంలోనే పెద్దదనిపించుకుంది. వాన కోసం ఆకాశం వైపు చూసిన రాయలసీమ ఎండ అమ్ముకోవడం మొదలుపెట్టింది.

అలాగని ఈ కథలో తప్పటడుగులు లేవని కాదు. ధరలు పడిపోతున్న కాలంలోనే రాష్ట్రం పవన విద్యుత్తుని యూనిట్ అయిదు రూపాయలకు కాస్త తక్కువగా పాతికేళ్ళకి ఒప్పందాలు రాసుకుంది. 2019లో వచ్చిన ప్రభుత్వం ఆ ధరలు తగ్గించాలని పట్టుబట్టింది. కంపెనీలు కోర్టుకెక్కాయి. 2022 మార్చిలో హైకోర్టు ఒప్పందంలో రాసుకున్న ధరే చెల్లించాలంది. గాలి ఉచితమే, కానీ సంతకం ఉచితం కాదు.

'ఇక బొగ్గు వద్దు' అనేవాళ్ళు తరచూ చూపించే లెక్క ఒకటుంది. 2025 జూన్ నాటికి దేశంలోని విద్యుత్ కేంద్రాల సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాస్, డీజిల్‌తో పనిలేనివే. ప్యారిస్ ఒప్పందం కింద 2030కల్లా చేస్తామన్నది అయిదేళ్ళ ముందే అయింది. (ఆంధ్రా ప్యారిస్ తెనాలి కాదు లెండి, అసలు ప్యారిస్.) బాగానే ఉంది. కానీ నిజంగా తయారవుతున్న కరెంటులో నూటికి డెబ్బై వంతులు ఇంకా బొగ్గుదే. కల్యాణ మండపంలో సగం కుర్చీలు మగపెళ్ళివారివే అయినంత మాత్రాన సగం భోజనాలు వాళ్ళే చేశారనుకోకూడదు. సోలార్ పలక రోజులో మహా అయితే అయిదారు గంటలు గట్టిగా పనిచేస్తుంది. బొగ్గు బాయిలరుకి పగలూ రేయీ తేడా లేదు.

ఆ తేడా విలువ తెలియాలంటే రేపల్లె, నిజాంపట్నం వైపు రొయ్యల చెరువుల దగ్గరికి తెల్లవారుజామున వెళ్ళాలి. పగలు ఎండ ఉన్నంతసేపూ చెరువు నీటిలోని నాచు తానే ఆక్సిజన్ వదులుతుంది. పొద్దుగూకాక అదే నాచు తిరిగి ఆక్సిజన్ పీల్చుకోవడం మొదలుపెడుతుంది. రొయ్యా పీలుస్తుంది, అడుగున కుళ్ళే మేతా పీలుస్తుంది. కోడి కూసే వేళకి నీళ్ళలో ప్రాణవాయువు అట్టడుగుకి చేరుతుంది. అందుకే ఊళ్ళో ఇంట్లో పడుకున్న రైతు మూడు గంటలకి ఉలిక్కిపడి లేచి కాపలా కుర్రాడికి ఫోన్ కొడతాడు: "ఏరా, ఏరియేటర్లు తిరుగుతున్నాయా?" "కరెంటు ఇప్పుడే పోయింది బాబాయ్, జనరేటర్ వేస్తున్నా." నిండుగా పిల్ల వేసిన వెనామీ చెరువులో ఏరియేటర్లు కాసేపు ఆగితే తెల్లారేసరికి రొయ్యలు నీటి మీదికి తేలతాయి. మూడు నాలుగు నెలల పెట్టుబడి, బ్యాంకు అప్పు, మేత కొట్టు బాకీ అన్నీ కలిపి తేలతాయి. అసలు అవసరం ఉన్న ఆ గంటకి సూర్యుడు డ్యూటీలో ఉండడు.

ఈ ప్రశ్నకి జవాబు చెప్పకుండా బొగ్గు మానేద్దామంటే రొయ్యల రైతు ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు కూడా. పదేళ్ళ కిందట దీనికి సరైన జవాబు లేదు. ఇప్పుడు రెండున్నాయి. ఒకటి డెల్టా వాళ్ళకి పాత చుట్టమే. నాగార్జునసాగర్ విద్యుత్ కేంద్రంలో ఎనిమిది యూనిట్లుంటే అందులో ఏడు రెండు వైపులా తిరిగేవి. నీళ్ళు కిందికి వదిలితే కరెంటు ఇస్తాయి, కరెంటు ఇస్తే అవే నీళ్ళని దిగువ నుంచి మళ్ళీ పైకి తోడతాయి. శ్రీశైలం ఎడమగట్టున 900 మెగావాట్ల కేంద్రమూ అలాంటిదే. పగలు ఎండ కరెంటు చవగ్గా ఉన్నప్పుడు నీళ్ళు పైకి తోడి, రాత్రి దించుకోవడం. నంద్యాల జిల్లా పిన్నాపురంలో తలపెట్టిన 1,680 మెగావాట్ల ప్రాజెక్టు నదితో పనిలేకుండా కొండ మీద ఓ చెరువు, కింద ఓ చెరువు పెట్టి ఇదే పని చేసేది. రెండోది బ్యాటరీ. దాని ధర సెల్‌ఫోన్ ధరలా పడిపోతోంది. 2024 డిసెంబరులో కేంద్ర సంస్థ సెకీ పిలిచిన టెండర్లో, ఎండ కరెంటుని కొంత నిల్వ చేసి సాయంత్రం ఇచ్చేందుకు యూనిట్ మూడున్నర రూపాయల ప్రాంతానికి కంపెనీలు ఒప్పుకున్నాయి. కొత్తగా కట్టబోయే బొగ్గు కేంద్రాల కరెంటు ధర ఈమధ్య రాష్ట్రాలు పిలిచిన టెండర్లలో అయిదు రూపాయలు దాటుతోంది. రాత్రంతా నడిపేటంత నిల్వకి ఇంకా ఖర్చవుతుంది, నిజమే. అందుకే ఉన్న బొగ్గు కేంద్రాలని రేపు పొద్దున్నే మూసేయమని తెలిసినవాళ్ళెవరూ అనరు. కొత్తవి కట్టొద్దు, పాతవాటిని రాత్రి కాపలాకి ఉంచుకుని ఒక్కొక్కటే రిటైర్ చేయండి అంటారు.

తరవాతి అభ్యంతరం భూమి. ఒక మెగావాట్ సోలార్‌కి నాలుగైదు ఎకరాలు కావాలి. తెనాలి, కొల్లిపర, దుగ్గిరాల పొలాల్లో ఆ మాట అంటే తరిమికొడతారు. వరి కోయకముందే మినుము చల్లి రెండో పంట తీసే నేల అది. అరటి, పసుపు, తమలపాకు పండే చోట గాజు పలకలు పరవడం పాపమే. పరవక్కర్లేదు కూడా. గుజరాత్‌లో 2012లోనే కాలవ మీద అడ్డంగా పలకలు పరిచి చూపించారు. రామగుండంలో ఎన్టీపీసీ తన బొగ్గు కేంద్రపు జలాశయం మీదే వంద మెగావాట్ల తేలే సోలార్‌ని 2022లో పూర్తిచేసింది. పడమటి డెల్టాలో కాలవలకి కొదవా? అన్నింటికన్నా ముందు కప్పులున్నాయి. రైసుమిల్లుల రేకులు, గోడౌన్లు, కాలేజీలు, కల్యాణ మండపాలు, కొత్త అపార్టుమెంట్ల మిద్దెలు. ఇప్పుడు వాటి మీద ఎండుతున్నవి వడియాలూ మిరపకాయలే.

ఇంటి కప్పు లెక్క కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఒక కిలోవాట్‌కి సుమారు వంద చదరపు అడుగుల నీడ పడని చోటు కావాలి. రోజుకి సగటున నాలుగు యూనిట్లు వస్తాయి. మూడు కిలోవాట్లు పెడితే నెలకి 350 యూనిట్ల దాకా. ఖర్చు రెండు లక్షల ప్రాంతంలో. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద అందులో రూ.78,000 కేంద్రం సబ్సిడీ ఇస్తుంది. 2022 ఏప్రిల్ నుంచి అమలైన శ్లాబుల్లో 225 యూనిట్లు దాటితే యూనిట్ రూ.8.75, 400 దాటితే రూ.9.75. అంత వాడే ఇంటికి అయిదారేళ్ళలో పెట్టుబడి తిరిగొస్తుంది. డెబ్బై అయిదు యూనిట్లు దాటని ఇంటికి మాత్రం సొంత డబ్బు పెడితే గిట్టదు. బాగా ఉన్నవాళ్ళు మిద్దె మీద సోలార్ పెట్టుకుని బిల్లు సున్నా చేసుకుంటే, స్తంభాలూ తీగలూ నిలబెట్టే ఖర్చు రేకుల ఇంటివాడి మీద పడకూడదు. ప్రభుత్వం ముందుగానే ఆలోచించాల్సిన చిక్కు ఇది.

అమ్మేవాళ్ళు చెప్పని సంగతి ఇంకొకటుంది. గ్రిడ్‌కి కలిపిన మామూలు రూఫ్‌టాప్ సోలార్, లైన్లో కరెంటు పోతే తనూ ఆగిపోతుంది. స్తంభమెక్కిన లైన్‌మన్‌కి షాక్ కొట్టకూడదని అలా తయారుచేశారు. మంచి ఏర్పాటే. కానీ తుపాను వెలిసిన మర్నాడు, స్తంభాలన్నీ పడిపోయి పైన ఎండ కాస్తుంటే, కప్పు మీద మూడు కిలోవాట్లు పెట్టుకుని కింద కొవ్వొత్తి వెలిగించుకునే పరిస్థితి. బ్యాటరీతో కూడిన హైబ్రిడ్ ఇన్వర్టర్ ఉంటేనే ఆ రోజు ఫ్యాను తిరుగుతుంది. సూర్యలంక గాలికి పలకల బిగింపులు తుప్పు పడతాయి. తుపాను గాలికి తగ్గట్టు వాటిని కప్పులోకి గట్టిగా దించాలి. బాపట్లలో అమ్మే సోలార్ హైదరాబాద్‌లో అమ్మే సోలార్‌లా ఉండకూడదు.

తుపాను మాట ఈ ప్రాంతంలో ఊరికే వచ్చేది కాదు. 1977 నవంబరు 19 రాత్రి దివిసీమని మింగిన ఉప్పెన రేపల్లె తీరాన్నీ వదల్లేదు. పదివేల మందికి పైగా పోయారు. బొగ్గు వల్లే ఫలానా తుపాను వచ్చిందని చెప్పడం కుదరదు, 1977 నాటి దానికి అసలే కుదరదు. అయితే గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగేకొద్దీ సముద్రం వేడెక్కుతోంది, మట్టం పెరుగుతోంది. వచ్చే తుపాను తెచ్చే వాన ఎక్కువ, ఉప్పెన ఎక్కే ఎత్తు ఎక్కువ. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం బాపట్ల దగ్గర తీరం దాటింది. కోతకొచ్చిన వరి నీళ్ళలో పడుకుంది, కుప్పల్లో కంకులు మొలకెత్తాయి. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర మునుపెన్నడూ లేనట్టు 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చి లంకలన్నీ మునిగాయి. దేశంలో ఎక్కడో కాల్చిన బొగ్గు లెక్కని సముద్రం ఒడ్డున ఉన్నవాళ్ళు ముందు కడుతున్నారు.

ఈ తీరానికి బొగ్గు మరీ దగ్గరగా రావాల్సిన రోజూ ఒకటి వచ్చింది. ఇప్పటి బాపట్ల జిల్లాలోని వాడరేవు దగ్గర 4,000 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం కట్టాలని 2000ల చివరలో జెన్‌కో తలపెట్టింది. వాడరేవు-నిజాంపట్నం ఓడరేవుల, పారిశ్రామిక కారిడార్ హడావుడి కూడా అప్పటిదే. భూములు చేతులు మారాయి, కేసులు నడిచాయి, విద్యుత్ కేంద్రం మాత్రం లేవలేదు. శ్రీకాకుళం అంత అదృష్టానికి నోచుకోలేదు. సోంపేట బీల భూముల్లో థర్మల్ కేంద్రం వద్దన్న రైతుల మీద 2010 జూలై 14న కాల్పులు జరిగాయి. కేంద్రానికి ఇచ్చిన పర్యావరణ అనుమతిని అప్పిలేట్ అథారిటీ రద్దు చేసింది కూడా ఆ రోజే. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో కాకరాపల్లి. రెండుచోట్లా ప్రాణాలు పోయాయి. వాడరేవు కేంద్రం కట్టి ఉంటే చీరాల, బాపట్ల ఇసకనేలల్లో వేరుశనగ వేసేవాళ్ళూ, వలలు లాగేవాళ్ళూ ఈపాటికి ఏ మాట్లాడుకునేవారో ఊహించడం కష్టం కాదు.

మరి గనుల వాళ్ళ సంగతి? 1871లో ఇల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టిన దగ్గర్నుంచి గోదావరి లోయలో తరాల బతుకు దాని మీదే. కొత్తగూడెం, మందమర్రి, భూపాలపల్లి ఊళ్ళు లేచిందే గని చుట్టూ. తండ్రి ఉద్యోగం కొడుక్కి వచ్చే ఊళ్ళలో, 'మీ గని మూస్తాం, అనంతపురంలో సోలార్ వస్తోంది' అంటే కడుపు మండుతుంది. సింగరేణి సంస్థ తానే 200 మెగావాట్లకు పైగా సోలార్ పెట్టుకుంది. బొగ్గు కంపెనీకే తెలిసిపోయింది గాలి ఎటు వీస్తోందో. కానీ పలకలు తుడిచే పనిలో గనిలో ఉన్నన్ని ఉద్యోగాలు ఉండవు. ఆ లోటు ఎవరు పూడుస్తారో, ఏ ఏడాదికి ఏ గనో కాగితం మీద రాసి ఇచ్చాకే గని కార్మికుణ్ణి ఒప్పించబూనాలి.

ఢిల్లీ మాత్రం రెండు పడవల మీద కాళ్ళు పెట్టింది. 2030కి బొగ్గు, గ్యాస్‌తో పనిలేని విద్యుత్తు 5 లక్షల మెగావాట్లు, 2070కి కర్బన ఉద్గారాలు నికరంగా సున్నా అంటూనే, 2031-32 నాటికి కనీసం మరో 80 వేల మెగావాట్ల బొగ్గు కేంద్రాలు కావాలంటోంది. రాష్ట్ర ప్రభుత్వం 2024 అక్టోబరులో తెచ్చిన క్లీన్ ఎనర్జీ విధానంలో 1.6 లక్షల మెగావాట్ల లక్ష్యం రాసుకుంది. అంకె ఘనంగానే ఉంది. అందులో ఎంత డెల్టా మిద్దెల మీదికి వస్తుంది, ఎంత రాయలసీమ నుంచి తీగల మీద బయటి రాష్ట్రాలకి పోతుంది అన్నది చూడాలి.

ఇబ్రహీంపట్నంలో 2023లో వెలిగిన యూనిట్ పాతికేళ్ళు నడిచినా 2048 వస్తుంది. ఈ ఏడాది తెనాలిలో ఒకటో తరగతిలో చేరిన పిల్లకి అప్పటికి ముప్పై దగ్గరపడతాయి. ఇప్పుడు పునాది వేసే బొగ్గు కేంద్రం వెలగడానికి అయిదారేళ్ళు, అక్కణ్ణుంచి మరో పాతికేళ్ళు. అన్నాళ్ళూ వాడినా వాడకపోయినా స్థిర చార్జీ కట్టి తీరాలి, ఒప్పందంలో అలాగే రాస్తారు. ఆ ఒప్పందాలకి ఆమోదముద్ర వేసేది రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి. ఏటా చార్జీల మీద బహిరంగ విచారణ జరుపుతుంది, ఎవరైనా అభ్యంతరం రాసి పంపొచ్చు, వచ్చి మాట్లాడొచ్చు. అక్కడికి పరిశ్రమల ప్రతినిధులు వస్తారు, రైతు సంఘాల వాళ్ళు వస్తారు, పార్టీల వాళ్ళు వస్తారు. ఇంటి బిల్లు కట్టేవాళ్ళు, అందులోనూ రేపల్లె బండి ఎక్కి వచ్చేవాళ్ళు కనబడటం తక్కువ.